ఇరవై రెండు ఏ

కోర్టు రెండేళ్లలో తేల్చేసింది,
మనం ఒకరికొకరం ఏమీ కామని
గుండ్రటి సీలు గుద్ది చేతికిచ్చింది.

ఇల్లే ఒప్పుకోలేదు.

కొర్లగుంటలో పద్దెనిమిది అంకణాలు,
మెట్ల కింద ఇరుకు బాత్రూమ్,
మిద్దె మీద నువ్వు సగంలో వదిలేసిన పిల్లర్లు,
తుప్పుచువ్వలకు నేను కట్టిన బట్టల తాడు.
కొనేదానికొచ్చిన భాకరాపేట ఆయన
అడ్వాన్సు కట్ట సగం బయటికి తీసి
ఈసీ చూసి మళ్లీ జేబులోకి తోసుకున్నాడు.

రిజిస్ట్రార్ ఆఫీసులో కుర్రోడు
సర్వే నంబరు కొట్టి స్క్రీను మావైపు తిప్పినాడు.
"ఇరవై రెండు ఏలో ఉంది మేడం, మఠం భూమంట.
అమ్మేదానికి లేదు.
సార్ వాటా మీకు రాసిచ్చేదానికీ లేదు."

మొగిలీశ్వర్, అప్పుడు నువ్వు నవ్వినావు.
పదకొండేళ్లలో నేను వినని నవ్వు.
నాకూ వచ్చింది, పైట అడ్డం పెట్టుకున్నా.

ఏ కాలంలోనో ఎవరో
నీళ్లు వదిలి ధారపోసిన నేల మీద
పొయ్యి ఏ మూలనుండాలని
రాత్రుళ్లు రాత్రుళ్లు కొట్లాడుకున్నాం.
ఈఎంఐ మాత్రం మఠం కట్టలేదు.

జాబితాలోంచి తీయమని అర్జీ.
'ఒకరికొకరు ఏమవుతారు' అనే గడి దగ్గర
నీ పెన్ను ఆగింది, నా వైపు జరిపినావు.
కుర్రోడు తలెత్తకుండానే అన్నాడు,
"ఉమ్మడి హక్కుదారులు అని రాయండి."
రాసినాను. అక్షరాలు కొంచెం వంకరపోయినాయి.

సోమవారం మళ్లా రమ్మన్నారు, ఇద్దర్నీ,
ఆధార్ జిరాక్సులతో.
నా దాంట్లో
ఇంకా నీ పేరే ఉంది.