ఇతరములు

మీ సేవలో కుర్రోడు తెర మీద
నా పనికి పేరు వెతుకుతున్నాడు.
మంగలి షాపుంది, మాంసం కొట్టుంది,
పిండిమర కూడా ఉంది.
పచ్చిక కోసే పెంచలయ్య లేడు.
"ఇతరములు అని కొట్టేదా అన్నా?"
కొట్టబ్బయా.

ట్రంకు రోడ్డు ఆడిటరు చెప్పాడు,
ఏడాదికి ఇరవై లక్షలు దాటితేనే జీఎస్టీ అని.
నవ్వొచ్చింది.
అంత రావాలంటే
పెన్న పొర్లుకట్ట మొత్తం
సంగం దాకా గొరగాల.

పాన్ కార్డు, అద్దె కాగితం, కరెంటు బిల్లు.
ఫోటోలో మాత్రం
ఎవరో పెద్దమనిషిలా ఉండా.

లైసెన్సు చేతికొచ్చిన వారానికి
మొదటి బేరం, కార్పొరేషన్ ఆఫీసు ముందరి లాను.
బిల్లు పెట్టి మూడు నెల్లు.
నిన్న అడగబోతే
గుమాస్తా కిటికీలోంచి చూపించాడు:
"మళ్ళీ మోకాలెత్తు లేచింది గదా,
అది గూడా కోసి
రెండూ కలిపి పెట్టు."