మీటరు దగ్గర

సాదియత్‌లో రాత్రి రెండున్నర.
నా గ్రహం మళ్లీ పుట్టలేదు.

ఐదొందల పన్నెండు కోర్లు పదకొండు గంటలు నమిలి
లాగ్ ఫైలు చివర ఒక్క మాట ఉమ్మాయి:
సంఖ్య కాదు.
ఏది కాదో చెప్పవు.
సాంద్రతా, వేగమా, నా మూడో ఏడాదా.

ధూళి మీద నా పని.
పసినక్షత్రం చుట్టూ పళ్లెంలా తిరిగే ధూళి.
రేణువూ రేణువూ అంటుకుని ఇసుకవుతుంది,
ఇసుక గులకరాయవుతుంది,
మీటరు బండ అయ్యేసరికి
ఎదురుగాలికి వేగం చచ్చి
చుట్లు చుట్టుకుంటూ పోయి నక్షత్రంలో పడుతుంది.
లెక్క ప్రకారం వందేళ్లు చాలు.
లెక్క ప్రకారం భూమి ఉండకూడదు.
ఉండకూడదని రుజువు చేస్తూ
దాని మీదే మెస్ బిల్లు కడుతున్నాను.

బయట షమాల్ లేచి మూడు రోజులు.
వంతెన దీపాలు పసుపు మరకలు.
నక్షత్రాలా? ఇక్కడికొచ్చాక చూసినవన్నీ తెర మీదే.
ఆకాశం చూసేవాళ్లు వేరే అంతస్తులో ఉంటారు,
అన్నారు మా గైడ్, నవ్వకుండా.

లింబాద్రి నిచ్చెనేసుకుని వచ్చాడు
ఏసీ జాలీలు దులపడానికి.
భీంగల్ పక్క ఊరట. పధ్నాలుగేళ్లుగా
ఈ దేశపు దుమ్మును బకెట్లకెత్తుతున్నాడు.
తెర మీద రంగుల పళ్లేన్ని చూసి
"గదేంది మేడం, దోశ పోసినట్లున్నది?"
దుమ్మన్నాను.
"దుమ్ముకు గింత పెద్ద మిషినా!"
ఇద్దరం నవ్వాం.

అంటుకోవట్లేదని చెప్పాను, ఎందుకో.
గుద్దుకుంటే పగిలిపోతోందని.
జాలీని వెలుతురుకెత్తి ఊదాడు.
"పొడిది ఎట్ల అంటుతది? గిట్ల పోతది.
ఆగస్టుల సూడుండ్రి, గాలిల చెమ్మ ఉంటది,
అద్దానికి పట్టిందంటే గోకినా రాదు."

మంచు పట్టిన రేణువుల గురించి
నేను పుట్టకముందే వ్యాసాలున్నాయి.
నా రెండో అధ్యాయంలోనే ఉంది, పదిహేను పేజీలు.
కానీ ఎవరూ దాన్ని
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూపించలేదు.
"అవునన్నా" అని ఊరుకున్నాను.

అతను వెళ్లాక కోడ్ తెరిచాను.
అంటుకునే గుణకం దగ్గర, ఎప్పటి తొందరో,
చెమ్మ ఉన్నచోటా లేనిచోటా ఒకే అంకె.
పక్కన నా మాటే: తర్వాత మార్చాలి.
తేదీ నిరుటి రంజాన్‌ది.

దానివల్లే చచ్చిందని చెప్పలేను.
మార్చాను. క్యూలో నా ముందు నలభై ఏడు పనులు,
ఎవరివో పగడపు దిబ్బలు, ఎవరిదో చమురు బావి.
ఫజర్ అజాన్ దుమ్ములోంచి బొంగురుగా వచ్చింది.

నిచ్చెన ఆనిన చోట గోడకి రెండు బూడిద మరకలు.
వేలు పెట్టి రాసి చూశాను.
కొంత వేలికొచ్చింది.
కొంత రాలేదు.