తాళం వేసి ఉంది

మర్రిపాలెం వెళ్ళిన రోజు
ఈటెని టీకొట్టతనికి అప్పగించాను.
పాత నేతచీర చుట్టి, రెండుచోట్ల పురికొస కట్టి.
"కర్టెన్ రాడ్డా అమ్మా?" అన్నాడు.
అవునన్నాను.
క్యూలో నిలబడే ఓపిక ఉంది గానీ
విడమరిచి చెప్పే ఓపిక లేదు ఆ పూట.

లోపల నవ్వమనకుండానే ఫొటో తీశారు.
వేలిముద్రలు పడలేదు.
తుడిచి తుడిచి, నొక్కి నొక్కి
ఆ పిల్లకే చెమట పట్టింది.
ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి వార్డులు కడిగిన ఫినాయిలు
గీతల్ని కూడా కడుక్కుపోయిందని
ఏ గడిలో రాయాలి?
చివరికి చిటికెనవేలు ఒప్పుకుంది.
"వారం పదిరోజుల్లో వచ్చేస్తాదమ్మా."
ఆ వారం ఇంకా అవలేదు.

వెళ్ళేది మలేసియా.
యాభై అయిదు దాటిన ఆడవాళ్ళ ఈటె పోటీ.
నవ్వకండి, నవ్వాల్సినవాళ్ళంతా నవ్వేశారు.
చీటీ పాడుకున్న డబ్బు టిక్కెట్టయింది,
ఆ టిక్కెట్టు వెనక్కి తీసుకోరట.
సంచి సర్దేశాను:
బూట్లు, మోకాలి పట్టీ, సీసాలో చింతకాయ పచ్చడి,
రౌతు నూకరత్నం అని వీపున రాసిన చొక్కా.
భుజాల దగ్గర వదులు.
విప్పి కుట్టాను, మళ్ళీ విప్పాను.
చేతులకి పనుండాలి కదా.

ఆలస్యం ఎందుకో తర్వాత తెలిసింది.
విచారణకని కానిస్టేబుల్ తవిటయ్య
పెదవాల్తేరు వచ్చేసరికి
నేను లాసన్స్ బే ఇసుకలో ఉన్నాను.
తాళంకప్ప చూసి పక్కింట్లో అడిగాడట.
వరహాలమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది:
"ఈటె అట్టుకుని ఎల్లిపోనాది బాబూ, తెల్లారగట్లే.
రోజూ అంతే."

నా గురించి ఇంత సూటి సాక్ష్యం
ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.
అతను మటుకు పుస్తకంలో ఏం రాసుకున్నాడో.

స్టేషనుకి మూడుసార్లు తిరిగాను.
మొదటిరోజు మంత్రిగారి బందోబస్తు.
రెండోరోజు సారు లేరు, కుర్చీకి తువ్వాలుంది.
మూడోరోజు తవిటయ్య దొరికాడు.
సర్టిఫికెట్లన్నీ తిరగేసి
"ఎంత దూరం ఇసుర్తారేటి?" అన్నాడు.
ఇరవైనాలుగు మీటర్లు.
గేటు నుంచి రోడ్డవతల మందులషాపు దాకా
కళ్ళతో కొలుచుకుని
"బాగానే ఎల్తాదే!" అన్నాడు.
కాగితం పైకి పంపేశానన్నాడు.
పైకి అంటే ఎన్ని మీటర్లో
ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఫోను మాత్రం ఒకటే మాట: విచారణ దశలో ఉంది.
అన్నం తినే ముందు చూస్తాను, తిన్నాక చూస్తాను.
రాత్రి దాహమేసి లేచి,
నీళ్ళు మరిచిపోయి అదే చూస్తాను.

తెల్లారగట్ల సముద్రం నయం.
రేవులో చోటు దొరక్క
బయటే లంగరేసిన ఓడల దీపాలు లెక్కపెడతాను.
నిన్న ఏడు, ఇవాళ అయిదు.
ఎవరి కాగితాలో కదిలాయి.

వలలు ఆరేసిన వైపు కాకుండా, మనుషులు లేని వైపు చూసుకుని
పన్నెండడుగులు పరిగెత్తి వదులుతాను.
అయిదువందల గ్రాములు.
గాలిలో ఉన్నంతసేపూ దాన్ని
ఏ ఊరిదానివని అడిగే నాథుడు లేడు.

కష్టం విసరడంలో లేదు.
వదిలేశాక, ఒళ్ళంతా దాని వెనకే పోతానంటుంటే
గీతకి ఇవతల, మునివేళ్ళ మీద
పడిపోకుండా ఆగాలి.
గీత తొక్కితే
ఎంత దూరం వెళ్ళినా లెక్కలోకి రాదు.

ఇవాళ శనివారం. విమానం గురువారం.
బయల్దేరే ముందు తలుపు మీద సుద్దముక్కతో రాశాను,
పోస్టుమేన్ కోసం, ఇంకెవరైనా వస్తే వాళ్ళ కోసమూ:

తాళం చూసి వెళ్ళిపోకండి.
లాసన్స్ బే దగ్గర ఇసుకలో ఉంటాను.
పిలిస్తే కెరటాల హోరులో వినబడదు,
చెయ్యి ఊపండి.