చిల్లర

కిట్వేలో మా బ్యాండు పేరు లాంప్ రూమ్ బాయ్స్.
గనిలో దిగేముందు టోపీ దీపాలు తీసుకునే గది అది.
నలుగురిలో ముగ్గురం అక్కడ పనిచేశాం.
లుబిందా చెయ్యలేదు. వాడికి గొంతుంది.

డెబ్బై ఐదులో ఒకే ఒక్క రికార్డు వేశాం,
ఏడంగుళాల నల్ల పళ్ళెం, వైపుకొక పాట.
రాగి తవ్వే ఊరు కదా,
రాగం కూడా అలాగే వచ్చింది మాకు,
మసకగా, మట్టితో,
కడిగితే తప్ప మెరవకుండా.
ముసోందా గిటారు
రాళ్ళు పిండిచేసే మరలా గురగురలాడేది.

మొదటి వైపు "పంజరం పైకి రాలేదు".
గనిలో లిఫ్టుని మేం పంజరమంటాం.
మూడో షాఫ్టు, పద్నాలుగు మంది.
పాటలో పేర్లు పెట్టలేదు, పెడితే కంపెనీ ఊరుకోదు.
దానికోసం లుబిందా మూడు నెలలు సరిగ్గా నిద్రపోలేదు.

రెండో వైపు ఖాళీగా వదలకూడదు కాబట్టి,
స్టూడియో అద్దెలో ఇంకా పావుగంట మిగిలింది కాబట్టి,
చిసెంగా డ్రమ్ముల వెనకనుంచే ఒకటి అందుకున్నాడు:
బానా కసోందే, చిల్లర ఇవ్వు,
బానా కసోందే, నా చిల్లర ఇవ్వు.
అంతే పాట.
ఆవిడ మార్కెట్లో మున్కోయో అమ్ముతుంది, కుండలో, గరిటెతో కొలిచి.
మధ్యలో ఎవరో దగ్గారు. నేనే.

రేడియోలో మొదటి వైపు సగం వినకుండానే
ముల్లు ఎత్తేశారు.
గని సంగతి గనివాళ్ళకి తెలీదా, మళ్ళీ పాట దేనికని
తిరగేసి పెట్టారు.
వారం తిరక్కముందే
బస్సు కండక్టర్లు పాడుతున్నారు,
బార్లలో సీసా మూతలతో తాళం,
జీతాల రోజు కౌంటరు ముందు
రెండు వందల గొంతులు, చిల్లర ఇవ్వు.
ఫుట్‌బాల్ మైదానంలో అయితే
అవతలి గోల్‌కీపరు పేరు ఇరికించి మరీ ఏడిపించారు.

లుసాకా పత్రికలో ఒకాయన,
కళ్ళద్దాలు తుడుచుకునే రాసుంటాడు,
"చప్పుడు ఎక్కువ, చదువు తక్కువ. చిల్లర పాట."
ముసోందా ఆ ముక్క కత్తిరించి
గిటారు పెట్టె మూతలో అంటించాడు.
ఇప్పుడక్కడ జిగురు మరక ఉంది.

బానా కసోందే స్వయంగా వచ్చింది రిహార్సల్‌కి,
వీపున పిల్ల, చేతిలో గరిటె.
"పాటలో ఒక తప్పుంది.
బాకీ పడ్డది నేను కాదు, వీడు.
పోయిన క్రిస్మస్ నుంచి."
చిసెంగా డ్రమ్ము వెనక ఇంకాస్త కిందికి వంగాడు.
అంతకంటే మంచి విమర్శ మా మీద ఎవరూ చెయ్యలేదు.

లుబిందా మాత్రం నవ్వడం మానేశాడు.
కచేరీలో పంజరం ఎత్తుకోగానే
వెనక బెంచీలనుంచి చిల్లర, చిల్లర అని కేకలు.
కళ్ళు మూసుకుని మొత్తం పాడేవాడు.
మేం వాయిస్తూ వాచీ చూసుకునేవాళ్ళం.
మేమంటే నేను.

ఆగస్టులో, దుమ్ము లేచిన ఒక మధ్యాహ్నం
రేడియోలు బాగుచేసే కొట్టు ముందు
బల్ల వేసుకుని రికార్డులు అమ్ముతున్నాం.
ఒకావిడ వచ్చింది, నల్ల తలగుడ్డ.
"ఆ వైపు పెట్టండి" అంది.
ఏ వైపని ఎవరం అడగలేదు.
నిలబడే విన్నది.
పాట అయిపోయాక గాడి చివర ముల్లు
టక్కు, టక్కుమని తిరుగుతూంటే
అదీ విన్నది.
ఇంట్లో వాయించే పెట్టె లేదట. అయినా ఒకటి కావాలట.
డబ్బులొద్దమ్మా అన్నాడు లుబిందా.
రెండు క్వాచాల నోటు బల్లమీద పెట్టి,
దానిమీంచి చెయ్యి తియ్యకుండా,
"చిల్లర ఇవ్వు" అంది.

అందులో రాగం లేదు.
నలుగురం జేబులు తడుముకున్నాం.
రాగి ఊళ్ళో ఒక్క రాగి బిళ్ళ దొరకలేదు.
చిసెంగా మార్కెట్టుకి పరిగెత్తాడు,
ఇంకెక్కడికి, బానా కసోందే దగ్గరికే.
వాడు తిరిగొచ్చేసరికి
ఆవిడ రికార్డుని రొట్టెలా తువ్వాల్లో చుట్టుకుని
టౌన్‌షిప్పు దారిలో కనబడకుండా పోయింది.

రికార్డు ధర ఒక క్వాచా ఇరవై.
మిగిలిన ఎనభై న్‌గ్వీలు
లుబిందా చొక్కా పైజేబులో వేరుగా ఉంచాడు,
చొక్కా మారినప్పుడల్లా మార్చుకుంటూ.
ఇప్పుడవి నా దగ్గరున్నాయి.
ఆ బిళ్ళలు చెల్లడం మానేసి చాలా ఏళ్ళయింది.