పదిహేడు నిమిషాలు

మా ఇంట్ల పెట్టెకు ఎర్రలైటు వెలిగిందంటే
అండాలు నాకోసం ఏదో దాస్తున్నదని లెక్క.

నైట్ డ్యూటీ వారాల్ల
నేను టిఫిన్ డబ్బ పట్టుకొని సబ్‌స్టేషనుకు చేరేటాళ్లకు
ఇంటికాడ సీరియలు మొదలైతది.
"నువ్వు లేనిది నేను చూడ" అని ఒట్టు పెట్టుకున్నది.
టీవీ బంద్ చేసి, పెట్టెను మాత్రం మేలుకొల్పి
జాకెట్లకు కాజాలు కుట్టుకుంట కూసుంటది.

హాలియల కొన్నప్పుడు షాపాయన చెప్పిండు
ఆగమంటే ఆగుతది, వెనక్కి రమ్మంటే వస్తదని.
నేను నవ్విన.
ఎడమ కాల్వ పక్కన పుట్టి పెరిగినోణ్ణి,
వెనక్కి వచ్చేది ఒక్కటి చూడలేదు.

మధ్యాహ్నం నేను నిద్ర లేచినంక
కంచంల పచ్చిపులుసు,
టీవీల నిన్నటి రాత్రి.
యాడ్ వచ్చిన కాడల్లా అండాలు బొటనవేలు ఒత్తుతది
సబ్బులు, బంగారం దుకాణాలు, నవ్వే పిల్లలు
వానకు చీమలు ఉరికినట్టు ఉరుకుతయి.
నా కండ్లకింత నిద్ర ఇంకా అంటుకొనే ఉంటది
అయినా చూస్త. నాకోసం ఆగిన రాత్రి గదా.

ఆ ఉత్తరం కథ వారం నుంచి నడుస్తున్నది.
చచ్చిపోయిన మామ రాసిండట, ఎవరూ విప్పలేదు.
బుధవారం విప్పుతరని మంగళవారమే ఊరించిండ్రు.

బుధవారం రోహిణి గాలి లేచింది.
బత్తాయి తోట కాడ తుమ్మకొమ్మ తీగల మీద పడ్డది.
సైదులు ఫోన్ చేసిండు:
"అన్నా, టౌన్ ఫీడర్ ఎల్సీ కావాలె."
బ్రేకర్ తీసిన. ఐసోలేటర్ ఇప్పిన.
హ్యాండిల్‌కు బోర్డు కట్టిన. తాళం జేబులేసుకున్న.
లాగ్ బుక్కుల రాసిన: ఏడు నలభై ఒకటి.
టౌన్ ఫీడరంటే మా గల్లీ కూడ.

ఫోన్లు మొదలైనయి.
పిండిగిర్నాయన, ఐస్‌క్రీం డబ్బాలాయన,
మీ అయ్య సొమ్మా కరెంటు అని పేరు చెప్పకుండ ఒకాయన.
తర్వాత అండాలు.
"ఇయ్యాల ఉత్తరం ఇప్పుతరు, లైటు ఆరిపోయింది,
ఒక్క ఐదు నిమిషాలు పెట్టరాదు?"
పెట్ట అన్న.
"మనిల్లు ఒక్కటే పెట్టు" అన్నది.
పిచ్చిదానా, తీగకు ఇల్లు తెలువది అన్న.
ఫోన్ టక్కున పెట్టేసింది.

పోయినేడు ఇంకో సబ్‌స్టేషన్ల
ఎవరో అడగకుండ హ్యాండిల్ ఎత్తిండ్రు.
ఆ పిలగాని పేరు ఇక్కడ రాయ.
జేబుల తాళం మీద నుంచి నేను చెయ్యి తియ్యలేదు.

"దిగిన అన్నా. ఛార్జ్ చెయ్."
మళ్ల అడిగిన: కిందనే ఉన్నవా?
"కిందనే. చెప్పులేసుకుంటున్న."
ఏడు యాభై ఎనిమిది.

ఇప్పుడు పెట్టెల బుధవారం రెండు ముక్కలు.
మొదటి ముక్క చివర్ల ఉత్తరం అంచు చింపుతున్నరు.
రెండో ముక్కల అందరూ ఏడుస్తున్నరు.
నడుమ ఏమున్నదో మా ఇంట్ల ఎవ్వరికీ తెలువదు.
పక్కింటోళ్లదీ అదే ఫీడర్.

మొన్న పెట్టె నిండింది, ఏదన్న తుడిపెయ్యమన్నది.
అండాలు వంటల ప్రోగ్రాములు తీసింది,
నేను దాసుకున్న కబడ్డీ ఫైనల్ తీసింది, అడగనైన అడగలేదు.
బుధవారం జోలికి పోలేదు.
ఎందుకని నేనూ అడగలేదు.

నిన్న మా మీటరు చూడనీకి సైదులు వచ్చిండు.
చాయ్ పోసి, కూసోబెట్టి, అండాలు అదే పెట్టింది.
చింపుతున్న చెయ్యి కాడ తెర నల్లగైంది.
"గిదేంది వదినా, నడుమ ఏమైంది?"
"నువ్వు పోలెక్కి దిగినవు" అన్నది.

సైదులుకు అర్థం కాలేదు.
బిస్కెట్ చాయ్‌ల ముంచిండు, అది విరిగి మునిగింది,
చెంచ అడిగిండు.
అండాలు రెండో ముక్క ఒత్తింది.
అందరూ ఏడుస్తున్నరు, ఎందుకో.