పద్దెనిమిది యూనిట్లు

బల్బు కొనడానికి పాలకొల్లు వెళ్తూ
సంచిలో లేసు సూది, తెల్లదారం ఉండ వేసుకున్నాను.

కొట్లో నాగభూషణం గారు నవ్వాడు.
"బల్బుకి కొలతలు తీస్తావేంటమ్మా?"
"వెలుగు కొంటున్నాను కదండీ, అల్లి చూసుకోవద్దా?"

బల్లమీద మూడు పెట్టాడు.
నలభైది, పేరులేనిది.
తొంభైది.
నూట ముప్పైది, దానికి రెండేళ్ల గ్యారంటీ.
"వాట్లు కాదమ్మా, ల్యూమెన్లు ఎన్నని అడగాలి"
అని పెట్టె తిప్పి చిన్నక్షరాలు చూపించాడు.
కొత్త మాట. నోట్లో రెండుసార్లు తిప్పుకున్నాను.

నలభైదాని కింద సూది ఆడిస్తే
ఒక్క సూది నాలుగై కనబడింది.
జ్వరం తగ్గినా వేళ్లలో మిగిలిపోయే వణుకు
దాంట్లో ఎక్కడో ఉంది.
తొంభైది నిలకడే గాని మరీ నీలం.
దారం సున్నం కొట్టిన గోడైపోయింది,
ముడెక్కడో కన్నమెక్కడో తెలియలేదు.
మూడోదాని కింద నాలుగు గొలుసులల్లి
పువ్వొకటి మొదలెట్టాను.
దారం దారంలాగే ఉంది.
స్విచ్చులు కొనడానికొచ్చినాయన
తన పని మానేసి నా చేతులు చూస్తున్నాడు.

నూట ముప్పై అంటే
నా లెక్కలో రెండు డజన్ల పువ్వులు, ఒక మెడనొప్పి.
పది తగ్గించమన్నాను. ఐదు తగ్గించాడు.
బల్బు మెడమీద స్కెచ్ పెన్నుతో తేదీ వేసిచ్చాడు.
"కాగితం పోద్దమ్మా, మెడెక్కడికి పోద్ది?"

"ఇల్లు ఆసుపత్రిలాగుంది" అంది మా అత్త దీనమ్మ,
పాత అరవై వాట్ల గుండుబల్బుని
కొంగుతో తుడుస్తూ.
మా ఆయన కాపలా ఉండే రొయ్యల చెరువులో
రాత్రంతా ఏరేటర్లు తిరుగుతాయి.
ఇంటికొస్తే మాత్రం ఫ్యాను రెండు మీద పెట్టమంటాడు.
రొయ్యకి ఊపిరాడకపోతే పంట పోద్ది.
మాకాడకపోతే ఏం పోద్ది?

నెల తిరిగింది.
మీటరు కుర్రాడు మెడలో మిషను వేలాడేసుకుని వచ్చి
చీటీ చింపి ఇచ్చాడు.
తగ్గలేదు. తొమ్మిది యూనిట్లు ఎక్కువ.
"శ్లాబు దాటిందక్కా" అన్నాడు,
చేలో గేదె పడిందని చెప్పినట్టు.

ఆ రాత్రి ఫ్యాను ఆపాను, టీవీ ప్లగ్గు పీకాను,
కొత్త బల్బూ ఆర్పేశాను.
మీటరు మీద ఎర్రచుక్క ఆగలేదు,
చీకట్లో ఎవరికో కన్ను కొడుతున్నట్టు.
వైరు పట్టుకుని నడిచాను.
వసారా దాటి, వంటపాక దాటి,
పొయ్యి వెనక బోర్లించిన గంప కిందికి పోయింది అది.
గోనెపట్టా తొలగిస్తే
పసుపు పచ్చని వెలుగు,
దాని చుట్టూ పదకొండు కోడిపిల్లలు
ఒకదాని మీద ఒకటి, కళ్లు మూసుకుని.
తల్లిని కుక్క పట్టుకుపోయిన సంగతి
నేను మర్చిపోయాను. అత్త మర్చిపోలేదు.

ప్రిస్కిల్ల నోటుబుక్కు తెచ్చి లెక్క కట్టింది.
అరవై వాట్లు, రాత్రికి పది గంటలు, ముప్పై రాత్రులు:
పద్దెనిమిది యూనిట్లు.
నా తొమ్మిది వాట్లది నెలకి రెండు కూడా నిండలేదు.
బుక్కు అత్త ముందు పెట్టాను.
ఆవిడకి చదువు రాదు. చూసింది, మూసింది.
"మంచు పడతా ఉంటే
నీ వెలుగు కింద పిల్ల బతుకుద్దా?"
నూట ముప్పై రూపాయల బల్బు మీద చెయ్యి పెట్టి చూశాను.
గోరువెచ్చగా కూడా లేదు.
దాని గొప్పతనం అదేనని
కొట్లో చెప్పిన మాట గుర్తొచ్చింది, పైకి అనలేదు.

ఇంకో నాలుగు రాత్రులకి రెక్కల మీద ఈకలు పొడుచుకొచ్చాయి.
గంప కింద ఊక పోసి, పట్టా రెండు మడతలేసి
ఆవిడే స్విచ్చి ఆపింది.
నేను బల్బు తిప్పి తీశాను.
అరచేతిలో
అప్పుడే పెట్టిన గుడ్డంత వేడి.

అత్త దాన్ని పాతచీర ముక్కలో చుట్టి
నా దారపుండల డబ్బాలో పెట్టింది.
కొత్త చీటీ ఇంకా రాలేదు.
డబ్బా తెరిచినప్పుడల్లా అది చేతికి తగులుతుంది.
పక్కకి జరిపి ఉండ తీసుకుంటాను.