హాజరు పట్టీ

మా దేవరకొండల బోరు పడితే
ఎవ్వలూ సంబురపడరు.
నీళ్లు ఎగజిమ్మంగనే తలుపులు పెట్టుకుంటరు,
పిల్లల్ని పేరు పేరున పిలిచి చూసుకుంటరు.
పిలుస్తుంటెనే నోట్ల ఒక పేరు కరిగిపోతది.
ఏ పేరో యాదికుండదు.
ఇంట్ల ఒక తలె ఎక్కువైతది, అంతే.
"పాత సామానోనికి ఎయ్యి" అంటది అమ్మ.

పదో తరగతి, బి సెక్షను.
సారు ముప్పై ఏడు దాంక పిలిచి
ముప్పై తొమ్మిదికి దుంకిండు.
నడుమ కొట్టివేత లేదు, సిరామరక లేదు,
తెల్ల కాయితం, అప్పుడే కట్టిన పట్టీ లెక్క.
నా పక్కన బెంచి మీద జాగ ఉన్నది.
చెయ్యి పెట్టి చూసిన.
ఇంకా గోరువెచ్చగనే ఉన్నది.

నేను సుత మర్చిపోయేదాన్నే.
గానీ జామెట్రీ డబ్బ మూత లోపల
కంపాసు ముల్లుతోటి గీకిన అచ్చరాలు:
కేతావత్ జమున.
రాత నాది కాదు.
"జ"కు తోక పొడుగు.
ఆ తోక పట్టుకొని గుంజిన, బాయిల చేద గుంజినట్టు.
ముందు కొబ్బరినూనె వాసనొచ్చింది.
తండా నుంచి తెచ్చే జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం.
గార పట్టిన పండ్లు.
నవ్వితే నోటికి అడ్డం పెట్టుకునే ఎడమ చెయ్యి.

నాయినమ్మ నడుము వంగి ఇరవై ఏండ్లు.
నేల దిక్కే చూసుకుంట చెప్పేది:
"మనం నీళ్లు తాగుతలేము బిడ్డా,
నీళ్లే మన బొక్కలు లెక్కబెట్టుకుంటున్నయి.
రాతిరి పిలిస్తే పలుకకు."

పలుకుదామనే పోయిన.
ఖిల్లా కింద, మూతబడ్డ టాకీసు ఎనుక,
ఎనిమిది వందల ఫీట్ల బోరు, మూతి మీద బండ.
కరెంటు పోయిందాంక ఆగి
బండ జరిపి చెవి పెట్టిన.
లోపల ఎవరో హాజరు పిలుస్తున్నరు.
బురద మింగిన గొంతు.
"ముప్పై ఎనిమిది."
"ప్రెజెంట్ సార్."
దాని గొంతే. తడి తడిగ.

"దాన్ని ఇడిసిపెట్టు" అన్న.
పిలుపు ఆగింది.
పైపుల ఊపిరి తీసుకున్న సప్పుడు.
"పేరుకు పేరు. నీదేంది?"

నోటి దాంక వచ్చింది నా పేరు.
పండ్ల నడుమ కరిసి పట్టిన.
అప్పుడు యాదికొచ్చిండు ఆయిన:
అరచేతిల టెంకాయ పండబెట్టుకొని
చెలకల పొంటి తిరిగేటోడు.
కాయ లేచి నిలబడితే "ఈడ ఎయ్యుండ్రి" అనేటోడు.
ఐదు వందలు, ఒక సీస కల్లు.
ఎవరి బదులు నీళ్లొస్తున్నయో
ఆయినకు ఎర్కనో లేదో నాకు తెల్వది.
తెలుసుకోవాలని సుత అనిపియ్యలే.
"పగిళ్ల సైదులు" అన్న.
ఇంటిపేరుతో సహా, ఒత్తులు పోకుంట, పరీచ్చల చెప్పినట్టు.

తెల్లారి సైదులు పెండ్లాం వాకిలూడ్చుకుంట
గడప కాడ ఒంటి చెప్పు దొరికితే
ఎవలదో అని రోడ్డు మీదికి ఇసిరేసింది.
బొట్టు మాత్రం పెట్టుకోలే.
ఎందుకు పెట్టుకోలేదో ఆమెకే తెల్వక
నుదురు తడుముకుంట నిలబడ్డది.
నేను తల దించుకొని నడిసిన.

బడిల ముప్పై ఎనిమిదికి పలుకు వచ్చింది.
జడల నుంచి నీళ్లు కారుతున్నయి.
"జమునా" అన్న.
నా దిక్కు కొత్తగ చూసింది.
"నీ పేరేంది?"
చెప్పలే.
ఆ అడుగుడు రాతిరి ఇన్నదే.

డబ్బ మూతల ఇంకో పేరు గీకిన. పగిళ్ల సైదులు.
నేనన్న యాదికుంచుకోవాలె గద.

ఇంటికి పోతుంటె మోరి పక్కన టెంకాయ.
పీచు తీసింది, చేతి చెమటకు నున్నగైంది.
ఎత్తుకున్న.
చెలక దాటుతుంటె అరచేతిల కదిలింది.
నేను ఊపలే. గాలి లేదు.
మెల్లగ, నిద్ర లేచినట్టు, లేచి నిలబడ్డది.

ఎనుక నుంచి జమున నవ్వింది.
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలే.
పండ్లు పాల లెక్క తెల్లగ,
ఒక్క గార లేదు.